లైనక్స్ అమరికా, బీఎస్‌డీ అమరికా: ల్యాబ్‌కి ఏది మేలు?

లైనక్స్, బీఎస్‌డీ రెండూ ఆపరేటింగ్ సిస్టమ్ కుటుంబాలు. అమరిక అంటే ఏ ఫైలు ఏ ఫోల్డర్లో ఉండాలనే పద్ధతి. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ అనుకోండి. బల్లల మీద ఉబుంటు అనే లైనక్స్ వేసిన 20 కంప్యూటర్లు, మూలన బ్యాకప్‌కి ఫ్రీబీఎస్‌డీ అనే బీఎస్‌డీ వేసిన ఒక సర్వర్. ఉబుంటులో చక్కగా నడిచిన స్క్రిప్టును సర్వర్‌లో వేయగానే 'నాట్ ఫౌండ్' అంటుంది. ఫైలేమో కళ్లముందే ఉంటుంది! అక్కడ లేనిది స్క్రిప్టు కాదు, దాని మొదటి లైన్లో రాసిన /బిన్/బాష్. స్క్రిప్టును నడిపే ఈ బాష్ ప్రోగ్రాము ఫ్రీబీఎస్‌డీలో విడిగా వేసుకునే ప్యాకేజీ, అందుకే /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఉంటుంది. మొదటి లైన్లో /యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ బాష్ అని రాస్తే రెండు చోట్లా నడుస్తుంది. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టేటప్పుడు మాత్రం పాత్‌లో, అంటే ప్రోగ్రాముల కోసం వెతికే చోట్ల జాబితాలో, /యూఎస్ఆర్/లోకల్/బిన్ చేర్చండి. లేదంటే పగలు చేత్తో నడిపితే పనిచేసిన స్క్రిప్టు రాత్రి ఆగిపోవచ్చు.

లైనక్స్ వాళ్లు తమ అమరికను 1994లోనే కాగితం మీద పెట్టారు. ఆ ప్రమాణమే తర్వాత ఎఫ్‌హెచ్‌ఎస్ అయింది, దాని 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. సెట్టింగులు /ఈటీసీలో, రోజూ మారే డేటా /వార్‌లో, మనం చేత్తో కట్టుకున్నవి /యూఎస్ఆర్/లోకల్‌లో. కొత్తవాళ్లకు తేలిగ్గా ఎక్కుతుంది. అయినా పూర్తిగా ఒకటే అనుకోవద్దు: అపాచీ అనే వెబ్ సర్వర్ సెట్టింగులు ఉబుంటులో /ఈటీసీ/అపాచీ2లో ఉంటే, ఫెడోరా అనే మరో లైనక్స్‌లో /ఈటీసీ/హెచ్‌టీటీపీడీలో ఉంటాయి.

ఇప్పటి ఉబుంటులో /బిన్ అనేది /యూఎస్ఆర్/బిన్‌కి వేసిన లింకు మాత్రమే. అలిపిరి మెట్లెక్కినా, శ్రీవారి మెట్టు ఎక్కినా చేరేది కొండకే కదా, అలాగన్నమాట. చిక్కల్లా ప్యాకేజీల లెక్క రాసుకునే డీపీకేజీతోనే. ఉబుంటు 22.04లో /యూఎస్ఆర్/బిన్/ఎల్ఎస్ ఏ ప్యాకేజీదని అడిగితే దొరకలేదంటుంది. అదే ఫైలును /బిన్/ఎల్ఎస్ అని అడగండి, కోర్‌యుటిల్స్ ప్యాకేజీది అని చెబుతుంది. ఫైలు పోయిందని కంగారుపడి ప్యాకేజీ మళ్లీ ఎక్కించకండి.

ఫ్రీబీఎస్‌డీ పద్ధతి వేరు. సిస్టమ్‌తో వచ్చినవి ఒకవైపు, మనం తర్వాత వేసుకున్నవన్నీ /యూఎస్ఆర్/లోకల్ కింద. వేసిన ప్యాకేజీలన్నీ తీసేసినా సిస్టమ్ చెక్కుచెదరదు. అమరిక వరకే చూస్తే నా ఓటు దీనికే. కానీ సెట్టింగులు కూడా అక్కడికే వెళతాయి: నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సాంబా సెట్టింగుల ఫైలు /యూఎస్ఆర్/లోకల్/ఈటీసీలో ఎస్‌ఎంబీ4.కాన్ఫ్ పేరుతో ఉంటుంది. ఉబుంటు అలవాటుతో /ఈటీసీ ఒక్కటే బ్యాకప్ తీస్తే అది రాదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ పిల్లల ఫోల్డర్లుండే /హోమ్‌తో తగులుతుంది. ఫ్రీబీఎస్‌డీ 14.0కి ముందు వెర్షన్లలో ఇన్‌స్టాలర్ మామూలుగా /హోమ్‌ను /యూఎస్ఆర్/హోమ్‌కి లింకుగా పెట్టేది. ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్‌కి /హోమ్ అని ఇస్తే లింకును మాత్రమే దాచుకుంటుంది, పిల్లల ప్రాజెక్టులు ఒక్కటీ రావు. పైగా ఎర్రర్ కూడా రాదు. ఆ పాత వెర్షన్లలో /యూఎస్ఆర్/హోమ్ అనే ఇవ్వండి.

బీఎస్‌డీలన్నీ ఒకటేనా అంటే అదీ కాదు. నెట్‌బీఎస్‌డీలో ప్యాకేజీలు /యూఎస్ఆర్/పీకేజీలోకి పోతాయి. ఓపెన్‌బీఎస్‌డీలో ప్రోగ్రాములు /యూఎస్ఆర్/లోకల్‌లో ఉన్నా సెట్టింగులు /ఈటీసీలోనే. ఇక నిక్స్‌ఓఎస్ అనే వేరే రకం లైనక్స్ దాదాపు అన్నిటినీ /నిక్స్/స్టోర్‌లో పెడుతుంది. ఒకే ప్రోగ్రాము రెండు వెర్షన్లు పక్కపక్కన కావాలంటే గొప్పదే, మొదటి ఏడాది పిల్లలకు మాత్రం వద్దు.

కాబట్టి పిల్లల బల్లల మీద ఉబుంటు అమరికే మేలు. వాళ్లు చదివే పాఠాల్లో, వెతికే సమాధానాల్లో ఎక్కువగా కనిపించేది అదే. సర్వర్‌ను దాని పద్ధతిలోనే ఉండనివ్వండి. రెండూ ఒకేలా కనిపించాలని ఫ్రీబీఎస్‌డీలో /బిన్/బాష్ లింకు చేత్తో పెట్టొద్దు, ప్యాకేజీ తీసేసిన రోజు అది ఎటూ చూపని లింకై మిగులుతుంది. మన సొంత ఫైళ్లకు మాత్రం రెండు చోట్లా /ఎస్ఆర్‌వీ/ల్యాబ్ అని ఒకే చోటు పెట్టండి. ఫ్రీబీఎస్‌డీలో /ఎస్ఆర్‌వీ ఉండదు, మనమే చేసుకోవాలి. స్క్రిప్టు మొదట్లో ఇది ఏ సిస్టమో చెప్పే యూనేమ్‌ను అడిగి, సెట్టింగుల దారిని ఒక వేరియబుల్‌లో పెట్టి, కింద అంతా ఆ వేరియబులే వాడండి. మొదటి బ్యాకప్ అయ్యాక టార్ -టీఎఫ్‌తో జాబితా తెరిచి, ఒక విద్యార్థి ఫోల్డరూ, సాంబా ఫైలూ అందులో ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి.