వెనక వైపు ఫోటో పెట్టనివాడి దగ్గర కొనకండి

నాణేల కన్నా నాణేల కాగితాల పిచ్చి ఎక్కువున్న మనలాంటోళ్ల కోసం రాస్తున్నాను. పాత వేలం కేటలాగులు, మింట్ సెట్ల (టంకశాల అమ్మే నాణేల సెట్ల) అట్టలు, నయా పైసల పట్టికలు వెతికేవాళ్లు కాస్త ఆగి చదవండి. విజయనగరం నుంచి అమ్ముతున్నానని చెప్పే ఒకతను నాకు పద్దెనిమిది వందలు టోపీ పెట్టాడు.

వాట్సాప్‌లో చూపించింది 1957 నాటి బట్టల షాపు కరపత్రం. పైన గంటస్తంభం బొమ్మ, కింద పండగ తగ్గింపు ధరలు, దాని కింద అణాలకి ఎన్ని నయా పైసలో పట్టిక. ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు (రూపాయికి పదహారణాల బదులు వంద నయా పైసలు) వచ్చాయి కదా, అప్పుడు షాపులవాళ్లు ఇలాంటివి పంచేవారు. నాకు నోరూరింది. వెనక వైపు ఫోటో అడిగితే "ఖాళీయే సార్, ఏముంటాది" అన్నాడు. నేనూ నిజమే కదా అనుకుని ఫోన్‌పే కొట్టేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

కవరు విప్పగానే అనుమానం వచ్చింది. పాత చవక కాగితం అంచుల నుంచి లోపలికి గోధుమరంగు తిరుగుతుంది, మడత దగ్గర చిట్లుతుంది. ఇది టీ నీళ్లలో ముంచినట్టు అంతా ఒకే రంగు, మడిచినా ఏమీ కాలేదు. వెనక్కి తిప్పి వేలితో తడిమాను. నున్నగా ఉంది. సీసపు అక్షరాలు పేర్చి తొక్కుడు మిషను మీద కొట్టిన కాగితమైతే వెనక అక్షరాల ఒత్తు ఎంతోకొంత చేతికి తగలాలి. భూతద్దం పెడితే నలుపులో రంగురంగుల చుక్కలు కనబడ్డాయి. ఇంక్‌జెట్!

మా పెదనాన్న చిన్నప్పుడు శ్రీకాకుళంలో కిరాణా కొట్లో కూర్చున్నవారు. పట్టిక చూసి, "బేడకి పదమూడేట్రా, పన్నెండు కదేటి!" అన్నారు. అసలు గుట్టు అక్కడ బయటపడింది. అణా అంటే ఆరుంపావు నయా పైసలు. బేడకి, అంటే రెండణాలకి, పన్నెండున్నర వస్తుంది, కానీ అప్పటి అధికారిక పట్టికలో అర వస్తే వదిలేశారు. కాబట్టి రెండణాలకి 12, ఆరణాలకి 37, పదణాలకి 62, పద్నాలుగణాలకి 87. నా కరపత్రంలో వరసగా 13, 38, 63, 88. కంప్యూటర్లో లెక్క కట్టించి, అది పైకి సవరించింది దించేసినట్టున్నాడు.

ఇంకోటి నవ్వొచ్చేది. అడుగున చిరునామాలో "విజయనగరం జిల్లా" అని ఉంది. ఆ జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. 1957లో విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఊరు.

లెక్క తప్పని చెప్తే "ఆ రోజుల్లో షాపోళ్లు తప్పులేసుకునీవోరు సార్" అన్నాడు. జిల్లా సంగతి అడిగాను, బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, చూద్దాం.

అదే కవర్లో "అరుదైన ప్రకటన కాగితం" అని కొసరుగా ఇచ్చింది పాత వారపత్రికలోంచి కత్తిరించిన ముక్క. వెనక సీరియల్లో సగం పేరా ఉంది. పాత పత్రిక ముక్కే కాబట్టి దొంగ సరుకని అనను, కానీ కరపత్రం ధరకి కొనే సరుకు కాదు.

ఎవరైనా ఇలాంటిది చూపిస్తే రెండు ఫోటోలు అడగండి. వెనక వైపుది ఒకటి, అదీ లైటు పక్కనుంచి పడేలా తీసింది, ఒత్తు ఉంటే నీడ కనబడుతుంది. పట్టిక దగ్గరగా తీసింది ఇంకొకటి. సాకులు చెప్తే వదిలేయండి, ఎంత మోజున్నా సరే.

నిన్న రాత్రి మా మిత్రుడొకడు ఇంకో గ్రూపులోంచి ఫోటో పంపాడు. అదే కరపత్రం, వేరే నంబరు, ధర ఇరవై రెండు వందలు. ఈసారి అడుగున జిల్లా పేరు తీసేశాడు. బేడకి మాత్రం ఇంకా పదమూడే.