కోరింగ మడ అడవా, నేలపట్టు-పులికాటా: ఒక్కరోజు ప్రయాణానికి ఏది మేలు?

రెండూ ఆంధ్ర తీరంలోనివే, రెండూ అభయారణ్యాలే. రెండింటికీ మధ్య నాలుగు వందల కిలోమీటర్ల పైనే దూరం కాబట్టి ఒకే రోజులో రెండూ కుదరవు. ఏదో ఒకటే ఎంచుకోవాలి. కోరింగలో చెట్లూ, నీళ్లూ, బురదా చూస్తాం. పక్షులు దొరికితే లాభం. నేలపట్టు చెరువుకూ, పులికాట్ సరస్సుకూ పక్షుల కోసమే వెళ్తాం. అవి లేని నెలలో వెళ్తే అక్కడ మిగిలేది చెరువు గట్టు, ఎండిన ఉప్పునేల.

కాబట్టి ముందు క్యాలెండరు చూడండి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అయితే నేలపట్టు-పులికాట్‌కే మా ఓటు. మిగతా నెలల్లో కోరింగ, అదీ తుపాను రోజులు, వేసవి మధ్యాహ్నాలు తప్పించి.

కోరింగలో గడియారం కన్నా పోటు ముఖ్యం

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద చొల్లంగి దగ్గర అటవీశాఖ పర్యాటక కేంద్రం ఉంది. మడ చెట్ల మధ్యగా వేసిన చెక్కల బాట, పాయలో బోటు షికారు, ఈ రెండే అక్కడి ఆకర్షణ. అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే ఉన్నా, ఒక్కరోజు సందర్శకుడు చూసేది అందులో అంచు మాత్రమే.

చాలామంది పదకొండింటికి వచ్చి, పాయలో నీళ్లు లేక బోటు కదలదంటే అలిగి వెళ్లిపోతారు. తప్పు బోటువాళ్లది కాదు. ఇక్కడ రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తీయడం). పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈ వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అంటే ఈ ఆదివారం ఉదయం 9కి నిండు పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు దాదాపు పూర్తి పాటు. "పోయినవారం మా బావగారు వెళ్లొచ్చారు, బోటు బాగుందట" అన్న మాట నమ్ముకుంటే మోసపోయేది ఇందుకే. కాకినాడ రేవు పోటు వేళలు ఇంటర్నెట్లో దొరుకుతాయి, బయల్దేరే ముందు చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో నీరు ఎక్కువ ఎక్కుతుంది, అంతే బాగా దిగుతుంది.

అన్నిటికన్నా మంచి పద్ధతి: నిండు పోటు వేళకు చేరి ముందు బోటెక్కడం, దిగాక నీరు తీస్తుండగా చెక్కల బాట మీద నడవడం. అడవి అసలు రూపం కనిపించేది నీరు తీసినప్పుడే. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ చెట్ల ఊపిరి వేళ్లు, ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండే చిట్టి పీతలు, నేల మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు, వాటి కోసం దిగే కొంగలు అప్పుడే కనబడతాయి. పోటు మీద బాట నడిచినవాళ్లకు నీళ్లలో నిలబడ్డ చెట్లు తప్ప ఏమీ మిగలదు.

చెట్ల ఆకులు తెంపొద్దని పిల్లలకు ముందే చెప్పాలి. మడ అడవిలో తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. వానల తర్వాత చెక్కల మీద పాకుడు పడుతుంది కాబట్టి నున్నటి అడుగు చెప్పులు పనికిరావు. దోమల మందు తప్పనిసరి.

ఇక్కడ బావురుపిల్లి, నీటికుక్క ఉన్న మాట నిజమే. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, పగటి బోటులో దాన్ని చూస్తామని ఆశ పెట్టుకోవద్దు. నీటికుక్కలు అదృష్టం ఉంటే ఉదయం ఒడ్డున కనిపిస్తాయి. సముద్రపు తాబేళ్లదీ అంతే: గుడ్లు పెట్టేది తీరపు ఇసుకలో, అదీ రాత్రిపూట.

నేలపట్టు ముందా, పులికాట్ ముందా?

కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారి మీద దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరిగితే నేలపట్టు. 1976లో అభయారణ్యమైంది. మొత్తం 459 హెక్టార్లే, అంటే కోరింగ పక్కన పెరటి తోటంత. కానీ చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతుంటే, గట్టు మీంచి అంత దగ్గరగా చూడగలిగే చోట్లు అరుదు. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు కూడా అవే చెట్లు పంచుకుంటాయి. కంపు కొడుతుంది, అది రెట్టల ప్రభావం. ఆ రెట్ట కలిసిన చెరువు నీరు తమ పొలాలకు ఎరువని చుట్టుపక్కల రైతులకు బాగా తెలుసు.

ఇక్కడ ఆరా తీయాల్సింది చెరువు సంగతి. ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండితేనే పక్షులు గూళ్లు కడతాయి. వాన తప్పిన ఏడాది ఎన్ని పండగలు చేసినా పక్షులు రావు.

పులికాట్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ నీరు ఎక్కువైతేనే నష్టం. ఫ్లెమింగోలు నడుస్తూ తల వంచి ముక్కుతో నీటిని వడకట్టి తింటాయి, కాబట్టి వాటికి లోతు తక్కువ నీరు కావాలి. భారీ వానల తర్వాత సరస్సు నిండుగా ఉంటే అవి దూరంగా అంచులకు పోతాయి. మట్టం దిగే జనవరి, ఫిబ్రవరి నెలల్లో సూళ్లూరుపేట-శ్రీహరికోట రోడ్డుకు దగ్గరగా వస్తాయి.

మేమైతే తెల్లవారగానే పులికాట్ రోడ్డు చూసి, తర్వాత నేలపట్టుకు రమ్మంటాం. పదింటి తర్వాత ఉప్పునేల మీద వేడిగాలి అలలు లేచి, దూరపు పక్షి దుర్భిణిలో వణుకుతున్న గులాబి చుక్కలా తప్ప కనబడదు. నేలపట్టులో పక్షులు దగ్గరే, అక్కడ ఆ బాధ లేదు. పైగా పెద్ద పక్షులు పులికాట్‌లో చేపలు పట్టి వచ్చి పిల్లల్ని మేపే సందడి పగలంతా సాగుతుంది.

ఫొటోలు తీసేవాళ్లకు ఒక మాట. శ్రీహరికోట రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలం సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు నేరుగా పడుతుంది. దక్షిణం వైపువి నల్లటి నీడల్లా వస్తాయి. 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే) దుర్భిణి నేలపట్టుకు చాలు, పులికాట్‌కు ఇంకా శక్తిగలది ఉంటే మేలు. కారును తారు మీద ఆపకండి, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు వేగంగా వస్తాయి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. డ్రోన్ సంచిలోంచి తీయనే వద్దు.

ఇంట్లో ఎవరున్నారన్నదీ చూడాలి

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, ఒకచోట కుదురుగా నిలబడని పిల్లలకూ కోరింగ తేలిక: నీడ ఉంది, నడక చదును, ఊరు దగ్గర. హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బయల్దేరితే ఉదయానికి కాకినాడ. పులికాట్ రోడ్డు మీద నీడా లేదు, మరుగుదొడ్డీ లేదు. తలకు టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం సూళ్లూరుపేట పక్కింటి లాంటిదే, లోకల్ రైలు అక్కడిదాకా వస్తుంది.

విజయవాడ వాళ్లు ఈ రెండింటికీ దూరమనుకుంటే కైకలూరు పక్కన ఆటపాక ఉంది. అది తీరపు ఉప్పునీరు కాదు, కొల్లేటి మంచినీరు. కానీ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చాలనుకునేవాళ్లకు మధ్యాహ్న భోజనానికి ఇంటికి తిరిగొచ్చేంత దగ్గర.