మధ్యలో కుట్టు లేని డ్రాయర్లు: నాలుగేళ్లు తొడిగాక

1900ల నాటి ఆడవాళ్ల లోదుస్తులైన డ్రాయర్లు కుట్టుకోవడానికి వాడే కాగితం నమూనా, అంటే ప్యాటర్న్, గురించి చెబుతున్నాను. దాని మీద మొదట్లో నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా ఏమన్నా అంటే ఊరుకోను. రెండింటికీ కారణం ఒకటే. ఈ డ్రాయర్లకి రెండు కాళ్ల మధ్య కుట్టు ఉండదు.

ఇంగ్లండ్‌లోని బీమిష్ మ్యూజియంలో 1900ల నాటి వీధి చూసొచ్చిన రోజు నుంచి ఆ కాలం బట్టలు కుట్టుకునే పిచ్చి పట్టింది. అందరూ పై గౌనుతో మొదలుపెడతారు. నేను లోపలి నుంచి మొదలుపెట్టాను, ఎందుకంటే కింద లంగాలు, కార్సెట్ (తాళ్లతో నడుము బిగించే గట్టి లోదుస్తు) సరిగ్గా లేకపోతే ఆ కాలం గౌను ఎంత బాగా కుట్టినా అద్దెకి తెచ్చిన నాటకం డ్రెస్సులాగే ఉంటుంది. ఇక్కడ మా ఊళ్లో ఒక చిన్న మ్యూజియం ఉంది. ఏడాదికి ఆరేడు రోజులు అక్కడ ఎడ్వర్డియన్ (1900ల నాటి ఇంగ్లండ్) వేషంలో టీ అందిస్తాను. ఉదయం 9కి తొడిగితే విప్పేది సాయంత్రం 5 దాటాకే. కాబట్టి నేను చెప్పేది ఫొటో కోసం పది నిమిషాలు వేసుకున్న అనుభవం కాదు.

ప్యాటర్న్ పల్చటి టిష్యూ కాగితం. దాని మీద ఒక్క గీత, ఒక్క అక్షరం ఉండదు, అన్నీ చిల్లులే. గీతలు అచ్చువేసిన టిష్యూ ప్యాటర్న్లు 1920 ప్రాంతంలోగానీ రాలేదు. నా దాంట్లో మూడు పెద్ద చిల్లులు కలిసి ఉంటే గుడ్డ మడత మీద పెట్టమని, వరసగా రెండు ఉంటే నిలువు పోగు వెంట పెట్టమని అర్థం. సూచనలన్నీ కవరు మీదే, నాలుగు ముక్కల్లో. రెండు కాళ్లనీ విడివిడిగా గొట్టాల్లా కుట్టి, మధ్య అంచులకి పట్టీ వేసి, పైన నడుము పట్టీకి తగిలించమన్నారు. అంతే. మధ్యలో కలిపి కుట్టమని ఎక్కడా లేదు. నాలుగుసార్లు చదివాను.

కుట్టింది వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "ఇదేంటే, మధ్యలో కుట్టడం మర్చిపోయావా?" అంది. అప్పట్లో ఇలాగే వేసుకునేవారంటే, "సిగ్గు లేకపోతే సరి" అని ఫోన్ వదినకి ఇచ్చేసింది. నాకూ లోలోపల అదే అనిపిస్తోంది. అందుకే తెలివిగా ఆ రాత్రే మధ్యభాగాన్ని మూసేశాను. మామూలు కుట్టు కూడా కాదు, పోగులు లేవకుండా అంచుల్ని లోపల దాచేసే ఫ్రెంచ్ సీమ్, పైగా రెండు వరసలు.

తొడిగే వరస తెలిస్తే ఇక్కడే మీకు విషయం అర్థమైపోతుంది. డ్రాయర్ల నడుము పట్టీ కార్సెట్ కింద ఉంటుంది. కార్సెట్ మీద కార్సెట్ కవర్, దాని మీద లంగా, ఆపైన గౌను. ఆ కాలం కార్సెట్ నడుము దగ్గర ఆగదు, తుంటి మీదికి దిగుతుంది. వేళ్లు దూర్చి డ్రాయర్లు కిందికి లాగుదామంటే జరగని పని. ఇదంతా నాకు తెలిసింది జూన్‌లో ఒక శనివారం, మధ్యాహ్నం రెండు కప్పుల టీ తాగాక, బాత్‌రూమ్‌లో.

కార్సెట్‌కి ముందువైపు ఉక్కు కొక్కేలుంటాయి. వెనక తాళ్లు వదులు చేస్తేగానీ అవి ఊడిరావు. తాళ్లు కట్టింది సెలవులకి వచ్చిన వదిన. నాలుగు ముళ్లు వేసి, "ఇక ఊడదు పో" అని నన్ను దింపి ఇంటికెళ్లిపోయింది. గౌను చంకలో ఇరికించుకుని, లంగా పళ్లతో పట్టుకుని ఇరవై నిమిషాలు ఆ ముళ్లతో కుస్తీ పట్టాను. చెమటలు, టెన్షన్. బయట నాతో పనిచేసే పెద్దావిడ, డెబ్బై పైనే ఉంటాయి, తలుపు కొట్టి ఏమైందమ్మా అంది. చెప్పక తప్పలేదు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత తలుపు కింద నుంచి చిన్న ఎంబ్రాయిడరీ కత్తెర జరుగుతూ లోపలికొచ్చింది. "కత్తిరించెయ్. వాళ్లు అందుకే కుట్టేవాళ్లు కాదు."

రెండు వరసల ఫ్రెంచ్ సీమ్‌ని, కళ్లకి కనపడని చోట, చేత్తో తడుముకుంటూ కత్తిరించడం ఎలా ఉంటుందో చెప్పను. ఆ తర్వాత మూడు గంటలు చిరుగు అంచులతోనే టీ అందించాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ కాళ్లు ఎంత వెడల్పంటే రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి పడి మూసుకుపోతాయి. కూర్చుని రెండు చేతులతో పక్కకి జరుపుకుంటే చాలు, ఒక్క ముడి విప్పక్కర్లేదు. అమ్మమ్మకి ఈ కథంతా చెబితే ఆశ్చర్యమే పడలేదు. "మేం లంగా కింద ఏం వేసుకున్నాం గనక" అంది.

ఇంటికొచ్చి మిగిలిన కుట్టంతా విప్పి, కవరు మీద చెప్పినట్టే పట్టీ వేశాను. అప్పటి నుంచి ఇంతవరకు ఆ బాత్‌రూమ్‌లో నాకు రెండు నిమిషాలకి మించి పట్టలేదు. పెళ్లిళ్లలో బరువైన లెహంగా వేసుకుని తిప్పలు పడినవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

సైజు కూడా నన్ను భయపెట్టిందే. కవరు మీద నడుము 26 అంగుళాలు, నాది 31. కానీ గుడ్డంతా కుచ్చిళ్లుగా పట్టీలోకి పోతుంది కాబట్టి కాళ్లని ముట్టుకోలేదు, పట్టీ ఒక్కటే పెంచాను. వెనకవైపు మన లంగాకి ఉన్నట్టే నాడా. పిన్నీసు గుచ్చి ఎక్కించుకోవడమే. ఈ నాలుగేళ్లలో ఒళ్లు చేశాను, తగ్గాను, మళ్లీ చేశాను. అదే జత సరిపోతోంది.

కాకపోతే ఆ నాడా ముడి సరిగ్గా వెన్నెముక మీద, కార్సెట్ కింద పడుతుంది. మొదటి ఏడాది సాయంత్రానికి అక్కడ రూపాయి బిళ్లంత మచ్చ తేలేది. ఇప్పుడు గుండ్రటి నాడా తీసేసి బల్లపరుపు టేపు వేసి, ముడి పక్కకి జరిపి కడుతున్నాను.

గుడ్డ నైన్‌సుక్, అంటే సన్నటి నూలు గుడ్డ. ఆ పేరు కూడా మనవైపుదే, నయనాలకి సుఖం అని. వెడల్పు 36 అంగుళాలది నాకు రెండున్నర గజాలు పట్టింది. మోకాలి దగ్గర సన్న మడతలు వేసి, మధ్యలో లేసు కూర్చి, వెనక గుడ్డని కత్తిరించేసినప్పుడు ఆ లేసులోంచి ఒంటి రంగు కనపడుతుంది చూడండి, అది చూసే మురిసిపోయాను. అంతా మిషన్ మీదే కుట్టాను. చేత్తో కుడితేనే అసలైనదని వాదించేవాళ్లుంటారు, కానీ 1905 నాటికి ఇళ్లలో మిషన్లు మామూలే.

అయితే అదే నైన్‌సుక్ మూడో ఏడాది నన్ను ముంచింది. రెండు కాళ్లూ ముందువైపు పట్టీ దగ్గర కలిసే చోటు ఉంది కదా, కూర్చున్నప్పుడల్లా బలమంతా అక్కడే పడుతుంది. ఒకరోజు వంగి ట్రే అందుకుంటుంటే సన్నగా చిరిగిన చప్పుడు. మూడంగుళాలు. కింద వైపు తెరిచి ఉండటం వల్లే ఈ బలహీనత, కాబట్టి నేను ఇంతసేపు పొగిడిన దాంట్లోనే ఈ లోపమూ ఉంది. కవరు మీద అక్కడ అతుకు వెయ్యమని లేదు. వెయ్యాలి.

ఇంకోటి, అక్టోబర్ తర్వాత వీటిని నేను తొడగను. ఈ ఊరి గాలికి లంగాలు అడ్డం రావు. చలిలో వేసుకునేవాళ్లు, రోజూ సైకిల్ తొక్కుతూ వేషం వేసేవాళ్లు, మూసిన రకం ప్యాటర్న్ చూసుకోండి. అవీ ఆ కాలానివే, 1910ల్లో బాగా వాడుకలోకి వచ్చాయి. కార్సెట్ లేకుండా గౌను ఒక్కటే వేసుకునేవాళ్లకైతే ఇంత కష్టం అక్కర్లేదు. నాలాగా రోజంతా కార్సెట్‌లో నిలబడి, మధ్యమధ్య టీ తాగకుండా ఉండలేనివాళ్లకే నా మాట.

రెండో జతకి గుడ్డ కత్తిరించి మిషన్ పక్కన పెట్టుకున్నాను. ఈసారి అతుకు ముందే వేశాను. అమ్మ అయితే ఇంకా అడుగుతూనే ఉంది, మధ్యలో ఎప్పుడు కుడతావని.