పవర్‌సీఎఫ్‌జీ: నిద్రలేవని కంప్యూటర్ని నిలదీయడానికి

డబ్బు పెట్టి కొన్న వస్తువు కాదిది. పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అన్నది విండోస్‌లో ఎప్పట్నుంచో ఓ మూల పడి ఉన్న కమాండే, కంప్యూటర్ నిద్ర సంగతులు చెబుతుంది. అయినా రివ్యూ రాస్తున్నాను. ఎందుకంటే, స్లీప్‌లోకి వెళ్లిన కంప్యూటర్ తిరిగి లేవకపోతే చాలామంది పవర్ బటన్ నొక్కిపట్టి ఆర్పేస్తారు, ఆ తర్వాత ఏదో డ్రైవర్ అప్‌డేటర్ అట, అది దింపుకుని కొత్త తలనొప్పి తెచ్చుకుంటారు. ఆ రెండిటికన్నా ముందు దీన్ని అడిగి చూడొచ్చు.

నేను ప్రూఫులు దిద్దుతాను. ఫైళ్లన్నీ తెరిచే ఉంచి, కర్సర్ ఉన్నచోటే వదిలేసి లేస్తాను. నాకు స్లీప్‌తో పని అంతవరకే. కొన్నాళ్లుగా తిరిగొచ్చి కీబోర్డు తడితే ఫ్యాన్ తిరిగేది, లైట్లు వెలిగేవి, తెర మాత్రం నల్లగానే ఉండేది. సేవ్ చేయని పేజీ ఒకటుందని గుర్తొస్తే ఆ టెన్షన్ వేరు.

ఇలాంటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది, లేవనిది కంప్యూటరా, తెరా అన్నది. క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డు మీద దాని చిన్న లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందంటే లోపల విండోస్ మేలుకునే ఉంది. నాదీ అంతే. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మ వేయించే సాఫ్ట్‌వేర్, మళ్లీ మొదలవుతుంది. ఓ బీప్, తెర ఒక్కసారి మిణుకుమని పేజీ ప్రత్యక్షం. ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను గానీ, పవర్ బటన్ జోలికి వెళ్లేముందు ఇది చేయకపోతే నష్టం మనకే.

ఇక పవర్‌సీఎఫ్‌జీ. కమాండ్ ప్రాంప్ట్‌ని, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి, లేకపోతే సగం ప్రశ్నలకు జవాబివ్వదు. powercfg అని కొట్టి, పక్కన స్లాష్ ఏ (/a) అని కొడితే మీ కంప్యూటర్‌కి ఏయే నిద్రలు వచ్చో, రానివి ఎందుకు రావో చెబుతుంది. ఎస్3 అంటే ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆపేసే పాతకాలపు స్లీప్. ఎస్0 అంటే కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండేది, ఫోన్‌లాగా సగం మెలకువతోనే పడుకుంటుంది. హైబర్నేట్ అయితే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసి పూర్తిగా ఆరిపోతుంది. ఏ నిద్రో తెలియకుండా చిట్కాలు ప్రయోగించడం దండగ, ఒకదానికి చెప్పినవి ఇంకోదానికి పనికిరావు.

నాకు బాగా నచ్చింది స్లాష్ డివైస్‌క్వెరీ వేక్ ఆర్మ్‌డ్ (/devicequery wake_armed). కంప్యూటర్ని లేపే హక్కు ఏ పరికరాలకుందో వరసగా చూపిస్తుంది. మీ కీబోర్డు పేరు అందులో లేకపోతే మీరెంత టకటకలాడించినా అది పట్టించుకోదు. డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా ఉండే చోటు) ఆ కీబోర్డు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కంప్యూటర్ని లేపనివ్వమనే గడిలో ఒక్క టిక్కు పెడితే సరి. స్లాష్ ఎనర్జీ కూడా ఉంది, 60 సెకన్లు గమనించి పెద్ద రిపోర్టు ఇస్తుంది. అందులో ఎర్రగా కనిపించేవన్నీ జబ్బులు కావు, కంగారు పడొద్దు.

స్లాష్ లాస్ట్‌వేక్ (/lastwake) మాత్రం నిరాశపరిచింది. చివరిసారి ఎవరు లేపారో చెప్పాలి కదా, చాలాసార్లు సున్నా చూపించి ఊరుకుంటుంది. పైగా తెర ఎందుకు రాలేదన్న అసలు ప్రశ్నకు ఈ పనిముట్టులో ఎక్కడా జవాబు లేదు. దానికి విండోస్ తనలో జరిగినవన్నీ నంబర్లతో రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లోకి వెళ్లాల్సిందే. సిస్టమ్ లాగ్‌లో కెర్నల్-పవర్ 42 ఉంటే నిద్రలోకి వెళ్లినట్టు. పవర్-ట్రబుల్‌షూటర్ 1 ఉంటే లేచినట్టు, ఎప్పుడు పడుకుందో ఎప్పుడు లేచిందో టైముతో సహా ఉంటుంది. కెర్నల్-పవర్ 41 ఉంటే సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైనట్టు. (ఎస్0 రకానికి 506, 507 వెతకండి.)

నా లాగ్‌లో 42 తర్వాత 1 ఉంది, బటన్ నొక్కి ఆర్పిన రోజుల్లో ఆ వెనకే 41. అంటే పాపం అది ప్రతిసారీ లేచింది, తెరకే కబురు అందలేదు. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్‌ని రోల్ బ్యాక్ చేశాను, అంటే పాత వెర్షన్‌కి మార్చాను, గొడవ వదిలింది. 42 తర్వాత 1 లేకుండా నేరుగా 41 కనిపిస్తే మాత్రం డ్రైవర్ ఒక్కదాన్నే అనుమానించకండి. యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకి చూడండి, తర్వాత బయోస్‌కి (విండోస్ కన్నా ముందు మదర్‌బోర్డులో మొదలయ్యే ప్రోగ్రామ్) అప్‌డేట్ ఉందేమో వెతకండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. అడిగినదానికి సూటిగా చెబుతుంది, కానీ ఏం అడగాలో మనకే తెలిసుండాలి, మొత్తం ఇంగ్లిష్ అక్షరాల గుట్ట. ఇంకో మాట: powercfg పక్కన స్లాష్ హెచ్ ఆఫ్ (/h off) కొట్టమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. దాంతో హైబర్నేట్, కంప్యూటర్ త్వరగా ఆన్ కావడానికి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి. ల్యాప్‌టాప్ స్లీప్‌లో ఉండగా బ్యాటరీ అయిపోతే సేవ్ చేయని పని గల్లంతే. కొట్టేసి ఉంటే స్లాష్ హెచ్ ఆన్ అంటే తిరిగొస్తుంది.