జీర్ణాశయ అడినోమాకు ఎండోస్కోపీ చికిత్స: తొలగింపు బాగుంది, ఆ తర్వాతి నిఘా మాటేమిటి?

జీర్ణాశయంలో అడినోమా, అంటే క్యాన్సర్‌గా మారే అవకాశమున్న కణితి, ఉందంటే పొట్ట కోయాల్సిన పని చాలావరకు లేదు, ఎండోస్కోపీతోనే తీసేస్తారు. పద్ధతులు ముఖ్యంగా రెండు. ఇఎంఆర్ (ఎండోస్కోపిక్ మ్యూకోసల్ రిసెక్షన్)లో కణితి అడుగున సెలైన్ ఎక్కించి ఉబ్బించి, తీగ ఉచ్చు బిగించి కోస్తారు. త్వరగా అయిపోతుంది, రంధ్రం పడే ముప్పు తక్కువ. సెంటీమీటరు లోపు కణితికి ఇది చాలు. రెండు సెంటీమీటర్లు దాటిన కణితి మాత్రం ఉచ్చులో ఒకేసారి పట్టదు, ముక్కలుగా తీయాల్సి వస్తుంది. అక్కడక్కడ మిగిలిపోయిన కణజాలమే తర్వాత కోసిన చోటి మచ్చ మీద మళ్లీ పెరుగుతుంది.

పెద్ద కణితికి మేం రెండో పద్ధతి ఇఎస్‌డీ (ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్)నే మెచ్చుకుంటాం. అంచుకు కొన్ని మిల్లీమీటర్ల అవతల చుట్టూ గుర్తులు పెట్టి, పైపొర కిందున్న పొరలోకి ద్రవం ఎక్కించి, గుర్తుల వెలుపల కోసి, అడుగు నుంచి కొద్దికొద్దిగా విడదీస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, రంధ్రం పడే ముప్పూ ఎక్కువే. కానీ కణితి ఒకే ముక్కగా వస్తుంది కాబట్టి కణజాలాన్ని పరీక్షించే పాథాలజిస్టు అంచులను నమ్మకంగా చూడగలుగుతారు. రిపోర్టులో డిస్‌ప్లాసియా (కణాల్లో అసహజ మార్పు) తక్కువ స్థాయిదా (లో గ్రేడ్), ఎక్కువ స్థాయిదా (హై గ్రేడ్), పక్క అంచు, లోతు అంచు కణితి కణాలు లేకుండా శుభ్రంగా ఉన్నాయా అన్నది తప్పక ఉండాలి. ‘అడినోమా, పూర్తిగా తొలగించాం’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన రిపోర్టును ఒప్పుకోకండి. అంచు కాలిపోయి తేల్చలేకపోయామన్నా, ఆ మచ్చను త్వరగా మళ్లీ చూడాల్సిందే. అక్కడ తిరిగి మొలిస్తే రెండోసారి తీయడం కష్టం. గట్టిపడిన మచ్చ కింద ద్రవం ఎక్కించినా అది లేవదు.

ఈ చికిత్సలో ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది మరోచోట. అంచులు శుభ్రంగా ఉన్నా, జీర్ణాశయంలో వేరేచోట కొత్త కణితి రావచ్చు. దీర్ఘకాల వాపుతో పలచబడిన పొర, పేగు పొరలా మారిన భాగాలు అలాగే ఉంటాయి కదా! ఈ వాపుకు ముఖ్య కారణమైన బాక్టీరియా హెలికోబాక్టర్ పైలోరీ ఉందో లేదో పరీక్ష చేయకుండా ఇంటికి పంపేస్తే చికిత్స సగమే అయినట్టు. తొలిదశ క్యాన్సర్ లేదా హై గ్రేడ్ అడినోమా తీయించుకున్నవారిపై జరిపి 2018లో ప్రచురించిన కొరియా అధ్యయనంలో, ఆ బాక్టీరియాకు మందు వాడినవారిలో 7.2 శాతం మందికి, డమ్మీ మాత్రలు వాడినవారిలో 13.4 శాతం మందికి తర్వాత కొత్త క్యాన్సర్ కనిపించింది. ముప్పు సగానికి తగ్గింది, సున్నా కాలేదు.

మందుల కోర్సు ముగిశాక కనీసం 4 వారాలు ఆగి, బాక్టీరియా పోయిందో లేదో తేల్చే శ్వాస పరీక్ష చేయించాలి. ఆసిడ్ తగ్గించే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలను అంతకు 2 వారాల ముందే డాక్టర్‌కు చెప్పి ఆపాలి, లేకుంటే బాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. కణితి తీశాక తొలి ఎండోస్కోపీ 3 నుంచి 6 నెలల్లో, తర్వాత ఏడాదికోసారి చేయించడం మంచి పద్ధతి. ఆ రోజు మచ్చ ఒక్కటే చూసి ముగించకూడదు. నురుగు, జిగురు కడిగేసి జీర్ణాశయం మొత్తం తీరిగ్గా చూసి, ఒక్కో భాగానికి ఫొటో తీసి ఇచ్చే కేంద్రాన్నే ఎంచుకోండి.