మా ప్లాంటు అప్రైజల్ యాప్: మూడేళ్ళు వాడినాక నాకు నచ్చింది ఆ నోట్ ఒక్కటే

యాప్ పేరు రాయట్లేదు, మా కంపెనీ లోగో వేసి ఇచ్చినారు, బయట ఏ పేరుతో అమ్ముతారో మాకు పనిలేదు. గోల్స్, సెల్ఫ్ రేటింగ్, డాష్‌బోర్డు ఇవన్నీ ఏ అప్రైజల్ యాప్‌లో అయినా ఉండేవే, వాటి జోలికి పోను. ఎర్రగుంట్ల పక్క ఒక సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని నేను, నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం చెకిన్ నోట్ చూసి.

టీంలో ఎవరన్నా మంచి పని చేసినా, యాడన్నా తేడా చేసినా ఆ పొద్దే ఫోన్లో రెండు ముక్కలు తెలుగులోనే రాసి పెట్టొచ్చు. తేదీ దానంతట అదే పడుతుంది, తర్వాత దిద్దడానికి లేదు, ఆ మనిషికి కూడా కనపడుతుంది. ఏడాది చివర రేటింగ్ వేసేటప్పుడు ఆ నోట్లన్నీ తెరిస్తేగానీ సబ్మిట్ బటన్ పనిచేయదు. మాకు అప్రైజల్ మార్చిలో, అప్పుడు కూర్చుంటే జనవరి ఫిబ్రవరి సంగతులే అందరి నోట్లో ఉంటాయి, పోయిన వానాకాలంలో ఎవరేం చేసినారో ఎవరికి గుర్తు?

మా కంట్రోల్ రూంలో ప్రొద్దుటూరాయన ఒకాయన ఉన్నాడు, ఐటీఐ చదివి కిందినుంచి ఎదిగిన మనిషి, నాకంటే పెద్దాయన. జులైలో ఒక రాత్రి ప్రీహీటర్లో, అంటే కొలిమిలోకి పోయే ముందు ముడి పొడిని వేడిచేసే టవర్లో, కింది సైక్లోన్ (గరాటులాంటి పెద్ద గది, పొడిని వేడిగాలి నుంచి విడదీసేది) కాడ డ్రాఫ్ట్, అంటే గాలి లాగుడు, పడిపోతా ఉంటే అలారం కొట్టేదాకా చూడకుండా ఫీడ్ (లోపలికి పోయే పొడి) కట్ చేసేసినాడు. సైక్లోన్ జామ్ అయితే ఎట్లుంటుందో సిమెంటులో పనిచేసినోళ్ళకు చెప్పక్కర్లేదు, 800 డిగ్రీలు దాటిన పొడి టన్నులకొద్దీ పేరుకుంటుంది, గాలి పైపులతో పొడిచి దించేటప్పుడు అది ఒక్కసారిగా మీదికి దూకితే కాడున్నోళ్ళ గతి అంతే. ఆయన అప్పటికప్పుడు ఆపబట్టి కొంచెమే జామ్ అయింది, తెల్లారేలోపల కిల్న్ (సిమెంటు కొలిమి) మళ్ళీ లైన్‌లోకొచ్చింది. నేను షిఫ్టు దిగేముందే నోట్ రాసినా.

ఫిబ్రవరిలో అదే ఆయన షిఫ్టులో కిల్న్ షెల్ (బయటి ఇనప గోడ) మీద రెడ్ స్పాట్, అంటే ఎర్రగా కాలిన మచ్చ, వచ్చి నిలిపేయాల్సొచ్చింది. లోపల పాత ఇటుక అరిగి రాలిపోతే ఆపరేటర్ ఏం చేస్తాడు చెప్పండి. రివ్యూ మీటింగ్‌లో మాత్రం మొదటి మాటే "ఆయన షిఫ్టులోనే కదా కిల్న్ ఆగింది". నేను నోరు తెరిచేలోపలే స్క్రీన్ మీద జులై నోట్ వచ్చింది, తేదీ, టైము, సైక్లోన్ నంబరుతో సహా. ప్లాంటు హెడ్ రెండుసార్లు చదివి "ఇది నాకెందుకు తెలీదు" అన్నాడు. ఆయనకు రేటింగ్ నాలుగు వేసినాం, నాలుగే నిలిచింది, పైగా కొత్త ట్రైనీలకు నేర్పే పని కూడా ఆయనకే ఇచ్చినారు. తర్వాత క్యాంటీన్ కాడ కనపడి "మీరు రాసింది అప్పుడే చూసినా సార్, ఇంత దూరం పనికొస్తాదనుకోలా" అన్నాడు.

మొదటి ఏడాది కనపడినోళ్ళందరికీ ఈ యాప్ ఉంటే ఇంగ అన్యాయం జరగదు అని చెప్తా వచ్చినా, ఇప్పుడైతే అంత గట్టిగా అనను. రాసే ఇన్‌చార్జి ఉంటేనే నోట్‌కు విలువ, పక్క సెక్షన్లో మార్చి ఆఖర్లో ఒక్కరోజు కూర్చుని ఏడాదంతా రాసేస్తారు, తేదీలన్నీ ఒకటే. ప్యాకింగ్ ప్లాంటులో లోడింగ్ చేసే కాంట్రాక్టు వాళ్ళకైతే అసలు లాగిన్నే లేదు.

అన్నిటికన్నా బాధ బెల్ కర్వ్, అంటే ఇంతమందికే మంచి రేటింగ్, ఇంతమందికి తక్కువ అని ముందే కట్టిన లెక్క. మేం వేసిన రేటింగులు హెడ్డాఫీసులో సర్దుతారు, పోయినేడు మా టీం పిల్లోడు ఒకనికి నాలుగు కాస్తా మూడైంది, ఎవరు మార్చినారో ఎందుకో యాప్‌లో ఒక్క ముక్క లేదు. నోట్‌లో అక్షరం దిద్దడానికి లేదంట, రేటింగ్ మాత్రం చెప్పకుండా మార్చొచ్చంట, ఇదేం న్యాయం? అమెరికా కంపెనీ జీఈలో అప్పటి అధిపతి జాక్ వెల్చ్ పెట్టిన 20-70-10 లెక్క (పైన ఇరవై శాతం, మధ్యన డెబ్బై, కింద పది) వేలమంది ఉన్నచోట ఏమో గానీ, ఎనిమిది మంది ఉన్న కంట్రోల్ రూంలో పది శాతం అంటే ఒక మనిషి కూడా కాడు. అడోబీ 2012లోనే ఏడాదికోసారి రేటింగ్ తీసేసి మధ్యమధ్యలో మాట్లాడుకునే చెకిన్‌కు పోయింది, మైక్రోసాఫ్ట్ 2013లో ఇట్లా ర్యాంకులు కట్టడం మానేసింది. మాకు చెకిన్ వచ్చింది గానీ కర్వ్ పోలా.

చిన్న టీం, రాసే ఓపిక ఉంటే తీసుకోవచ్చనే అంటా. నాకు రాత్రిపూట కిల్న్ నిలకడగా ఉన్నప్పుడు రాసుకునే టైం దొరుకుతుంది, జనరల్ షిఫ్టులో నలభై మందిని చూసేవాళ్ళకు కుదురుతుందో లేదో మరి. మీ కాడ కూడా కర్వ్ ఉంటే రేటింగ్ మార్చినప్పుడు కారణం కనపడేలా పెట్టమని కొనేముందే అడగండి, మేం కొన్నాక అడిగితే వచ్చే వెర్షన్‌లో అన్నారు, ఇంకా రాలేదు.