పర్లాకిమిడిలో రెండు రోజులు: కోట కంటే కోట బయటే ఎక్కువ

ఒడిశాలోని గుణుపురంలో ఉంటూ, అదే రాష్ట్రంలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి రాజావారి కోట చూడలేదంటే మా మేనమామ నమ్మలేదు. "ఇంత దగ్గరలో ఒక రాజధానిని పెట్టుకుని విజయనగరం కోట చూసి వచ్చావా, అల్లుడూ?" అని దెప్పిపొడిచాడు. మాట పడ్డాక ఊరుకోలేక, సంక్రాంతి సెలవుల్లో ఆయననే వెంటబెట్టుకుని బయలుదేరాను.

బస్సులు ఉన్నా రైలునే ఎంచుకున్నాం. ఈ దారి కూడా ఆ రాజకుటుంబం చలవే. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు వేయించి 1900లో బండి నడిపించినవారు గౌరచంద్ర గజపతి. 1931 నాటికి ఆ దారి గుణుపురం చేరింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది. 2011లో బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది. "మిట్ట ఎక్కేటప్పుడు దిగి, రేగుపళ్ళు ఏరుకుని మళ్ళీ అదే పెట్టెలో ఎక్కేవాళ్ళం" అన్నాడు మామయ్య. ఆయన మాటల్లో సగం కొట్టేసినా మిగిలిన సగానికే టికెట్టు డబ్బు గిట్టుబాటయింది. ఒకటే ఇబ్బంది: బండ్లు తక్కువ. ఒకటి తప్పితే బస్టాండుకు పరుగెత్తాల్సిందే.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. బస్టాండుకు దగ్గరని ముందుగా ఫోను చేసి తీసుకున్న లాడ్జిలో వేడినీళ్ళు ఇస్తామన్నారు. తెల్లవారాక చూస్తే బకెట్టుకు విడిగా డబ్బు. దుప్పటి సంగతి రాయను. రెండో రాత్రికి బజారుకు కాస్త ఎడంగా ఉన్న మరో చోటికి మారాం. అద్దె కొంచెం ఎక్కువైనా గది శుభ్రంగా ఉంది, యజమాని తెలుగులోనే పలకరించాడు. గది చూడకుండా డబ్బు కట్టవద్దు. ఇక్కడ నచ్చకపోతే కూతవేటు దూరంలో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఉంది. ఆటోలో రాష్ట్రం దాటి వెళ్ళి పడుకుని, పొద్దున్నే తిరిగి రావచ్చు.

ఇక కోట. దీని నమూనా గీసినవాడు రాబర్ట్ చిషోమ్ అంటారు. మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్ కట్టించిన వాస్తుశిల్పి ఆయనే. దేశీ, విదేశీ పోకడలు కలిసిన కట్టడం. అయితే ఇది టికెట్టు కొని గదులన్నీ తిరిగే ప్రదర్శనశాల అనుకుని వెళ్తే నిరాశే. రాజవంశీకుల నివాసం కనుక మేము లోపలికి అడగలేదు, బయటి నుంచే చూశాం. ఉదయపు ఎండ పడేటప్పుడు చూడండి. గంట చాలు. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న బృందావన్ ప్యాలెస్ నాకు ఇంకా నచ్చింది. రెండు కోటల మధ్య సొరంగం ఉందని ఆటో నడిపే అబ్బాయి ఒట్టుపెట్టి చెప్పాడు. అతను కూడా చూడలేదట.

కోట ముందు నిలబడితే తెలుగువాళ్ళకు ఒక పాత మంట గుర్తుకు రాక మానదు. ఇక్కడి కృష్ణచంద్ర గజపతి (1892–1974) ఒడియా మాట్లాడేవారికి ప్రత్యేక రాష్ట్రం కావాలని లండన్ రౌండ్‌టేబుల్ సమావేశంలో వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు చేరింది, జమీందారీలో కొంత భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. మరుసటి ఏడాది కృష్ణచంద్రే ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి పదవిని అప్పట్లో అలా పిలిచేవారు) అయ్యారు. ఆ విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించినవారు గిడుగు రామమూర్తి. 1880లో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, ఇక్కడే సవర భాష నేర్చుకుని, వాడుక భాష కోసం గ్రాంథికవాదులతో కలబడిన మనిషి, 1936లో ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. జీతమిచ్చి నిలబెట్టిన సంస్థానమే చివరికి ఆయనను ఊరు దాటించినట్టయింది. మేము వీధిలో అడిగిన ముగ్గురిలో ఒక్కరికే ఆయన పేరు తెలుసు. ఆ ఒక్కరు కూడా బడి పంతులు. ఈ ముక్కలు తెలుసుకుని వెళ్తేనే కోట కోటలా కనిపిస్తుంది, లేకపోతే గోడే.

భోజనానికి బెంగ లేదు. మధ్యాహ్నం డాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), అన్నం పెట్టిన చిన్న హోటల్లో రెండోసారి అడగకుండానే వడ్డించారు. మామయ్యకు చెనాపోడొ, అదే ఒడియావాళ్ళ కాల్చిన పనీరు మిఠాయి, ఎంత నచ్చిందంటే కోటను పొగడడం మానేశాడు.

కొనదగ్గది కొమ్ము పని. గేదె కొమ్మును వేడిచేసి, మెత్తబడ్డాక వంచి, అరగదీసి, పక్షులు, దువ్వెనలు చేస్తారు. పనివాళ్ళ దగ్గరికే వెళ్ళండి. చెయ్యడం చూడవచ్చు, బేరమూ తక్కువ ఆడాల్సి వస్తుంది. సన్న ముక్కు కొంగ ఒకటి తీసుకున్నాను. పాత వార్తాపత్రికలో నాలుగు చుట్లు చుట్టించినా రైల్లో మామయ్య సంచీ కింద పడి ముక్కు విరిగింది. ఆయన మాత్రం దానిని అలమరలో పెట్టుకుని, వచ్చినవాళ్ళకు పర్లాకిమిడి పావురమని చూపిస్తున్నాడు.